నేర్పని పని

సంధ్య నాయినా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే బిడ్డను మన బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ మైదానానికి పరుగు ప్రాక్టీసుకు నేనే తీసుకెళ్లాను. దాని సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, పోరి మునుపటిలెక్క ఉరుకుత లేదు. ఆశ లోపల్నుంచే రావాలె, మనం పెడితే రాదు."

నువ్వుంటే వాదించేవాడివి. ఎనిమిదేళ్లకే మా అమ్మ నా ఒళ్లో బీడీల చేట పెట్టింది. నాకు ఆశ ఉందా అని ఎవరూ అడగలేదు. చేతులకు పని నేర్పడం నాకు వచ్చు, ఆశ ఎలా నేర్పాలో తెలియదు.

మగ్గాల కార్ఖానా నుంచి నువ్వు నేరుగా వచ్చి నిలబడే గోడ దగ్గరే, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంధ్య అక్కడికి వచ్చిన ప్రతిసారీ తలెత్తి గోడవైపు చూసింది. మూడో రౌండుకు ఆగిపోయి నా పక్కన కూలబడింది.

"ఇంకొక్క రౌండు ఉరుకు బిడ్డా."

"కాళ్లు పోతలేవమ్మా."

కాసేపటికి నా చేటలోంచి ఆకు తీసి, తంబాకు పోసి, బీడీ చుట్టి దారం కట్టింది. నేను చెప్పలేదు. ఆ పని దానికి నేర్పనని నీకు మాటిచ్చాను, నేర్పలేదు కూడా. అయినా ఎంత చక్కగా చుట్టిందో.