నా బేసు పెడళ్ళ పంపకం

ఇది నా వీలునామా. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా సొంత వాటాలో నా సొంత బల్ల ముందు కూర్చుని నా చేత్తో రాస్తున్నాను. మతి స్థిమితం గురించి డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతపరిచాను. ఈరోజు ఏ వారమని ఆయన నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన గోడ మీది క్యాలెండరు మాత్రం కిందటి నెల దగ్గరే నిలబడి ఉందని కూడా చెప్పాను. ధ్రువపత్రం వెంటనే చేతికొచ్చింది.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా ఒకటి పట్టుకొస్తే అది నాది కాదు.

నేను భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, రికార్డింగు థియేటర్లలోనూ హోటళ్ళ హాళ్ళలోనూ బేసు గిటారు వాయించి బతికినదాన్ని. పెడళ్ళంటే గిటారుకీ స్పీకరుకీ మధ్య, కాలి దగ్గర పెట్టుకుని శబ్దాన్ని మార్చుకునే చిన్న పెట్టెలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఈ పత్రం రాయడానికి తక్షణ కారణం నా ఆరోగ్యం కాదు, నా మేనకోడలు. మా తమ్ముడి కూతురు. ఇంట్లో అందరం అమ్మడు అంటాం. అదీ బేసు వాయిస్తుంది. వాయించడం మానేస్తానంటోంది. అది మానకూడదని నా కోరిక. కింది నిబంధనలన్నీ ఈ కోరికకు లోబడి చదువుకోవలెను.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత లాయరమ్మకు అప్పగిస్తున్నాను. ఓపికస్తురాలు. నా చిత్తుప్రతి చూసి, "మేడమ్, ఈ పెడల్ పెట్టెలన్నిటికీ విడివిడిగా నిబంధనలెందుకు? 'సంగీత పరికరాలు వగైరా' అని ఒక్క ముక్క రాసేద్దాం" అంది. ఈ వాటా, ఈ బల్ల, ఆమె కూర్చున్న కుర్చీ, అన్నీ ఆ వగైరాతోనే కొన్నానని మనవి చేశాను.

2. నేను నివసిస్తున్న ఈ వాటా నా స్వార్జితం. దీన్ని నా తమ్ముడికీ, అతని తదనంతరం అమ్మడికీ చెందేటట్టు రాస్తున్నాను. వాటాతోపాటు తమ్ముడికి నా పాత ట్యూనర్ పెడల్ కూడా ఇస్తున్నాను. వాడు పుట్టినప్పటి నుంచీ తనదే ఒప్పు అని నమ్మినవాడు. ట్యూనర్ ఎవరి మొహమూ చూడదు. తీగ సరిగ్గా ఉంటే పచ్చదీపం, తేడాగా ఉంటే ఎర్రదీపం. కాలితో తొక్కితే బయటికి శబ్దం పోకుండా ఆపేస్తుంది. అంటే మనిషి నోరు మూసుకుని తనను తాను సరిచూసుకునే వీలు కల్పిస్తుంది. వాడికి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నా దగ్గర లేదు.

వాడు నా వాద్యాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఆ బుడుంగు బుడుంగు ఇంకా ఎన్నాళ్ళక్కా?" అనేవాడు. అయితే, నేను మొదటి ఆంపు, అంటే శబ్దాన్ని పెంచే బరువైన స్పీకరు పెట్టె, కొన్నరోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడకపోతే, దాన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు మోసినవాడు వాడే. దించాక నడుము పట్టుకుని, "రేపటి నుంచి వేణువు నేర్చుకో" అన్నాడు. వాటా వాడికెందుకు ఇచ్చానని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు.

3. శబ్దాన్ని గరగరలాడించే నల్లరంగు డిస్టార్షన్ పెడల్‌ను, దాన్ని నాకు అమ్మిన వాద్యపరికరాల దుకాణానికి తిరిగి ఇస్తున్నాను. అమ్మినాయన లేడు; కొడుకు నడుపుతున్నాడు. వాళ్ళ గాజు తలుపు గాలికి కొట్టుకుంటూ ఉంటుంది, దానికి అడ్డం పెట్టుకోవచ్చు.

ఇందులో ద్వేషం లేదు, పాఠం ఉంది. అప్పట్లో నేను దుకాణంలో అడుగుపెట్టగానే ఆయన, "బాబు కోసమామ్మా?" అన్నాడు. నాకే అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే ఇది పట్టుకెళ్ళండి, గిటారుకైనా బేసుకైనా ఒకటే" అన్నాడు. ఒకటి కాదు. గిటారు కోసం చేసిన పెట్టెలు చాలావరకు లోతు శబ్దాన్ని కత్తిరించి పైశబ్దాన్ని గరుకు చేస్తాయి. దుకాణంలో నేనొక్కదాన్నే వాయిస్తే పులిలా గాండ్రించింది. ఆ సాయంత్రం హాల్లో డ్రమ్స్, గిటారు, పాటగత్తె అందరూ కలిసేసరికి పులి పోయి దోమ మిగిలింది. బేసుకి పెడల్ కొనేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదే: పెట్టె ఏం చేరుస్తుందో కాదు, ఏం తినేస్తుందో చూడాలి.

4. సుత్తికి నేను ఏమీ రాయడం లేదు.

సుత్తి అంటే నాతో అందరికన్నా ఎక్కువకాలం డ్రమ్స్ వాయించినవాడు. ఆ పేరు నేను పెట్టింది కాదు. సగం కొట్టుడు వల్ల, సగం మాట వల్ల ఆయన సంపాదించుకున్నది. ఏమీ రాయకపోవడానికి కోపం కారణం కాదు. కోపం ఉన్నమాట నిజమే. ఒక పెళ్ళి విందులో, మైకు తెరిచి ఉండగా, "అక్కా, నీ చెయ్యి కదులుతోంది గానీ చెవిన పడటం లేదు" అని అరిచాడు, అతిథులు నవ్వారు. దాన్ని నేను క్షమించలేదు, ఇకముందు క్షమించే ఆలోచనా లేదు. కాని ఈ పత్రానికి సాక్షిగా ఆయనే కావాలి, ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం చేయకపోవడం మేలని లాయరమ్మ చెప్పింది. సుత్తికి ఈ సంగతి చెబితే, "నీ ఆస్తి కన్నా నా సంతకమే నీకు విలువన్నమాట" అని మురిసిపోయాడు. మురిసిపోనిచ్చాను.

5. నా పెడల్ బోర్డును, దాని మీది ఆరు పెడళ్ళతోనూ తీగలతోనూ కరెంటు పెట్టెతోనూ సహా, నా మరణానంతరం అమ్మడికి చెందేటట్టు రాస్తున్నాను. దీన్ని విడదీసి అమ్మరాదు. వాడకం తెలియకుండా కలిగే లాభం లేదు గనుక, ఆ తెలివిడిని కూడా ఈ నిబంధన కిందనే సంక్రమింపజేస్తున్నాను.

అమ్మడూ, ముందుగా కరెంటు. ఆక్టేవ్ పెట్టెకి ప్లస్సు మైనస్సులు మిగతావాటికి తిరగబడి ఉంటాయి. దాని తీగకి ఎర్రటేపు చుట్టాను. ఆ తీగ వేరేదానికి గుచ్చితే పొగ వస్తుంది, అటుపైన ఏమీ రాదు.

వరస ఇది: ట్యూనర్, ఆక్టేవ్, ఫిల్టర్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, చివర ప్రీఆంప్. ఆక్టేవ్ నువ్వు మీటిన స్వరానికి కింద మరో లోతు స్వరాన్ని జోడిస్తుంది. అందుకే దానికి బేసు తీగ మాట నేరుగా వినపడాలి. ఒకసారికి ఒక్క స్వరమే మీటాలి, రెండు మీటితే ఎవరి మాట వినాలో తెలియక తడబడుతుంది. ఫిల్టర్ నీ వేలి బలాన్నిబట్టి నోరు తెరుస్తుంది; మెల్లగా మీటితే గొణుగుతుంది, గట్టిగా మీటితే 'వావ్' అంటుంది. కంప్రెసర్ బలమైన దెబ్బనీ బలహీనమైన దెబ్బనీ దగ్గర చేస్తుంది. దాన్ని ఫిల్టర్ కన్నా ముందు పెట్టావంటే, నీ వేలిలోని తేడా ఫిల్టర్ దాకా వెళ్ళదు. కంప్రెసర్ వేసినప్పుడు ఏ తేడా లేదని తిట్టుకుంటావు. ఆపినప్పుడు ఇల్లు ఖాళీ అయినట్టనిపిస్తే, అప్పుడు కుదిరినట్టు. మరీ బిగించకు, నోట్లో గుడ్డ కుక్కినట్టవుతుంది.

ఓవర్‌డ్రైవ్‌లో బ్లెండ్ అనే నాబ్ ఉంది. గరుకు శబ్దం పక్కన నీ బేసు అసలు గొంతును ఎంత ఉంచాలో అదే నిర్ణయిస్తుంది. నేను గరుకును సగం దాటనిచ్చేదాన్ని కాదు. బేసుకి ఈ నాబ్ లేని ఓవర్‌డ్రైవ్‌ను ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకు. ప్రీఆంప్ నుంచి శబ్దం సరాసరి హాలు మిక్సర్‌కి, అంటే అందరి శబ్దాలనూ కలిపే బల్లకి, వెళుతుంది. అక్కడ కూర్చునే మనిషితో తగవు పెట్టుకోకు. నేను పెట్టుకున్నాను, ఒక్కసారీ గెలవలేదు.

ఇక అసలు మాట. నీ గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని శబ్దం ఎంచుకుంటున్నావు. ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు శబ్దం పెంచి, పై శబ్దం పెంచి, నడిమి శబ్దం తీసేస్తే చాలా గొప్పగా ఉంటుంది. కాదనను. కాని అడుగున డ్రమ్స్ వాళ్ళ పెద్ద డోలు ఉంటుంది, పైన తాళాలుంటాయి. నువ్వు నిలబడవలసిన చోటు ఆ నడుమే, దాన్ని నువ్వే తుడిచేసుకున్నావు. అందుకే మీ బ్యాండు పెద్ద నిన్ను, "వాయిస్తున్నావా, వాయిస్తున్నట్టు నటిస్తున్నావా?" అన్నాడు. వచ్చే శనివారం రిహార్సల్‌లోనూ ఇంతే అయితే వేరేవాళ్ళని చూసుకుంటామన్నాడు. నువ్వు ఆ రాత్రికి ఇంకో పెడల్ కొనాలనుకున్నావు. తెల్లారి బేసు సంచి తెచ్చి నా గుమ్మంలో ఆనించి, "దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టత్తా, నా వల్ల కాదు" అన్నావు. నీ చేతిలో లోపం లేదు. లోపం నువ్వు శబ్దాన్ని ఎంచుకునే గదిలో ఉంది.

కాబట్టి షరతు: ఈ బోర్డు మీది ఏ నాబ్‌నూ డ్రమ్స్ మోగకుండా తిప్పరాదు. జీవితమంతా ఒంటరిగా బతికిన నేను ఈ షరతు పెట్టడం విడ్డూరంగా ఉంటే ఉండనీ. బతకడానికి నాకు ఎవరి తోడూ అక్కరలేకపోయింది. శబ్దం కుదుర్చుకోవడానికి మాత్రం ఎప్పుడూ సుత్తిని పిలిచాను.

6. నా పుస్తకాలు అడిగినవారికి. బట్టలు పనికొచ్చేవారికి. నా ఫోటో దేనికీ దండ వేయరాదు.

7. పై ఐదో నిబంధనకు సవరణ.

శుక్రవారం లాయరమ్మ పత్రమంతా పైకి చదివి వినిపించింది. "నా మరణానంతరం అమ్మడికి చెందేటట్టు" అన్న చోట ఆపమన్నాను. అమ్మడి రిహార్సల్ శనివారానికి ఇక ఎనిమిది రోజులు. నాకు అంతలో పోయే ఉద్దేశం లేదు, పిల్లకి అంతకన్నా ఆగే వ్యవధి లేదు. ఇలాంటి ఆస్తి వల్ల ఎవరికేం ప్రయోజనం?

"అయితే ఇప్పుడే ఇచ్చేయండి మేడమ్. కాని బతికుండగా ఇస్తే అది దానమవుతుంది, వీలునామా కాదు" అంది లాయరమ్మ. అదంత సులువైన మాట కాదు. నా ఎడమచేతి వేళ్ళు తీగను అదిమి పట్టలేక కొన్నాళ్ళయింది. అయినా ప్రతి ఉదయం బోర్డుకి కరెంటిచ్చి, దీపాలు వెలిగించి, వచ్చినంతసేపు వాయిస్తాను. ఆ బోర్డు ఇంట్లోంచి వెళ్ళిందంటే తమ్ముడూ లాయరమ్మా ఇరుగూపొరుగూ ఏమనుకుంటారో నాకు తెలుసు. చచ్చాక ఇవ్వడం సులభం, ఏమనుకున్నా మనం వినం.

ఆదివారం సుత్తి తన డ్రమ్స్ తెచ్చి ముందుగదిలో పేర్చాడు. అమ్మడిని కబురు పెట్టి పిలిపించాను. గుమ్మంలో ఆనించిన దాని బేసునే సంచి విప్పి చేతికిచ్చాను. బోర్డు చూసి, "అత్తా, ఇది నీది కదా" అంది. సుత్తి కర్రలు ఎత్తి, "అమ్మా, మీ అత్త మనసు మారేలోపు తీగ గుచ్చు" అన్నాడు. నేను తలుపు దగ్గరికి వేసి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. గదిలో ఉంటే దాని చేతినుంచి నాబ్ లాక్కునేదాన్ని.

మొదట డ్రమ్సే వినిపించాయి. ఆగాయి. లోపల ఏదో గొడవ, "ఇదా మాస్టారూ?" "అది కాదు, పక్కది!" మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆగారు. పై వాటా దంతవైద్యురాలు మెట్లు దిగుతూ, "ఏమిటండీ, ఇవాళ మీరు కాదా?" అంది. నోటి మీద వేలేసి చూపించాను. ఆమె కూడా నా పక్కనే కూర్చుంది. మూడోసారి డ్రమ్స్ మొదలయ్యాయి, వాటి పక్కనే, మూసిన తలుపుకి ఇవతల, రాతిమెట్టు మీద కూర్చున్న నా కాళ్ళ కింద, అమ్మడి బేసు ఒక్కొక్క స్వరమే అడుగులేసుకుంటూ నడిచింది. "పాప బాగా వాయిస్తోందే" అంది దంతవైద్యురాలు. ఆమెకి సంగీతం తెలియదు. అందుకే ఆ మాటకి విలువ ఇస్తున్నాను.

అమ్మడు బోర్డు పట్టుకెళ్ళింది. బేసు అమ్మిపెట్టమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. శనివారం వాళ్ళేమంటారో నాకు తెలియదు. అది నేను రాసి ఇవ్వగలిగింది కాదు.

కావున, ఈ వీలునామా తెరిచిన రోజున ఐదో నిబంధనలోని బోర్డు ఇంట్లో కనబడకపోతే ఎవరూ వెతకనక్కరలేదు, ఎవరినీ అనుమానించనక్కరలేదు. చేరవలసినవారికి అది నా ఎదుటే చేరింది.

8. నా బేసు గిటారూ, ఆంపూ, ఒక కేబులూ నా దగ్గరే ఉంచుకున్నాను. అవి కూడా నా తదనంతరం అమ్మడివే. ఈ ఉదయం బేసుని నేరుగా ఆంపుకి గుచ్చాను, మధ్యలో ఏ పెట్టే లేకుండా. చూపుడువేలు ఒక్కటే సహకరించింది. నేను ఇక వాయించనని ఈ పత్రంలో ఎక్కడా రాయలేదని నా వారసులు ప్రత్యేకంగా గమనించవలెను.

ఇది చదువుకుని, నాలుగుచోట్ల దిద్ది, నా ఇష్టప్రకారమే ఉందని తృప్తిపడి, కింది సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: మార్చి పదకొండు, రెండువేల ఇరవై ఐదు, మంగళవారం.

(సంతకం)
ఈ వాటా యజమానురాలు, బేసు వాద్యకారిణి

సాక్షులు:

1. (సంతకం) దంతవైద్యురాలు, పై వాటా

2. (సంతకం) డ్రమ్స్ వాద్యకారుడు, ఉరఫ్ సుత్తి