పదకొండు ఒకట్లు

3 జులై 1979, నందిగామ

జగ్గయ్యపేట వెళ్లొచ్చా. అన్నయ్య బాగా చిక్కిపోయాడు. లివర్ పాడైపోయింది, నెలో రెండు నెలలో అని డాక్టర్ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. అన్నయ్యకీ తెలిసినట్టే ఉంది. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగించాడు. నిండా నోట్‌బుక్కులు. రత్నమణీ, నువ్వు హైస్కూల్లో లెక్కలు చెప్తావు కదా, ఇవి చెక్ చేసి యూనివర్సిటీకి పంపు అన్నాడు.

పదకొండు ఒకట్లు పక్కపక్కన పెడితే వచ్చే సంఖ్య. 11111111111. దాన్ని ఏదీ భాగించదని, ప్రధాన సంఖ్యేనని అన్నయ్య నమ్మకం. ఎలిమెంటరీ స్కూలు టీచరు. 72 నుంచి ఆరేళ్లు, ఒక్కో ప్రధాన సంఖ్యతో చేత్తో భాగించుకుంటూ కూచున్నాడు. దాని వర్గమూలం లక్షా అయిదు వేల చిల్లర, అది దాటాక ఇక అక్కర్లేదు కాబట్టి ఆపాడు.

5 జులై

ట్రైనింగ్‌లో ఒకటి నేర్చుకున్నా. 22తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు తప్ప ఇంకేవీ దీన్ని భాగించలేవు. అవి చూస్తే చాలు. అంటే అన్నయ్య చేసినవాటిలో పదింటికి తొమ్మిది చెయ్యక్కర్లేదు.

ఇది అన్నయ్యకి చెప్పను.

9 జులై

ఇవాళ ఇరవై చూశా. అన్నీ కరెక్ట్.

19 జులై

21649. శేషం సున్నా.

మూడుసార్లు చేశా. సున్నానే. 21649 ఇంటూ 513239. అన్నయ్య 70121 లోంచి 64947 తీసేసి 5174 రాయాల్సింది, 5164 రాశాడు. ఒక్క అంకె. అక్కడ ఆగిపోవాల్సిన లెక్క ఇంకో నాలుగేళ్లు చేశాడు.

పేజీ పైన తేదీ ఉంది. 9-11-74. బేబి వదిన పోయిన రోజు.

20 జులై

కరెక్టే అని చెప్పేస్తే?

22 జులై, జగ్గయ్యపేట

అబద్ధం చెబుదామనే బస్సెక్కా. అన్నయ్య నా మొహం చూసి, ఏ సంఖ్య దగ్గర అని అడిగాడు. చెప్పా. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తేదీ చూశావా అన్నాడు. చూశానన్నా.

ఆ సాయంత్రం వదిన లోపల్నుంచి రెండుసార్లు పిలిచిందట. ఇదొక్కటి అయ్యాక వస్తున్నా అన్నాడట. లేచి వెళ్లేసరికి ప్రాణం పోయిందట. అయిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. కనీసం ఆ లెక్కయినా కరెక్టనుకున్నా రత్నమణీ అని ఏడ్చాడు. అన్నయ్య ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కన కూచుని కాళ్లు పట్టా.

సర్దుకున్నాక, రెండోది ఎంతన్నావు అని అడిగాడు. 513239 అన్నా. దాన్ని ఏదైనా భాగిస్తుందేమో చూడు, ఏడొందల పదహారు దాకా చూస్తే చాలు, తొందరపడకు అన్నాడు. ఆ చిన్న సంఖ్యలన్నీ పెద్ద లెక్కలోనే చూసేశాం, అయినా సరేనన్నా. ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లు అని కూడా అన్నాడు.

2 ఆగస్టు

పొద్దున ఆరింటికి అన్నయ్య పోయాడు. స్కూలు నుంచి నేను వెళ్లేసరికి చర్చి వాళ్లు స్నానం కూడా చేయించేశారు.

3 ఆగస్టు

వదిన పక్కనే పెట్టాం.

11 ఆగస్టు, నందిగామ

709తో కూడా పోలేదు. శేషం 632. ఇక చూడాల్సిన సంఖ్య లేదు. 513239 ప్రధాన సంఖ్యే.

అన్నయ్యకి చెబుదామని చెప్పులేసుకుని బస్టాండు దాకా వెళ్లా.