సొట్ట దాక

మంగళవారం, రాత్రి

చేప కొవ్వు కడుపులో బిడ్డకు మంచిదట, పుట్టాక ఎలర్జీ రాకుండా కొంత కాపాడొచ్చట. గ్యారంటీ లేదని కూడా డాక్టర్ చెప్పింది. అయినా ఖుర్సీపార్ బజారులో చేపలు కొని పులుసు పెట్టాను. అత్త దాకెత్తి పులుసంతా మోరీలో పారబోసింది.

"పెద్దదానికి గుడ్డు తింటేనే మొకం వాసిపోతంది. నువ్వు నీసు తింటే పుట్టేదానికీ అదే జబ్బు!"

పెద్దది కడుపులో ఉన్నప్పుడు ఈ మాటే నమ్మి తొమ్మిది నెలలూ చేప ముట్టలేదు. మరి దానికెలా వచ్చింది?

దాక లాక్కుని గోడకేసి బాదాను. పెచ్చులూడాయి. తర్వాత ఆవిడ తల మీదికి ఎత్తాను.

"మాయమ్మనే కొడతావేటే?" అంటూ మా ఆయన నా మణికట్టు మెలిపెట్టాడు.

దాక సొట్టపోయింది. రేపు అందులోనే పులుసు పెడతాను. ఆవిడ మళ్లీ పారబోస్తే నా చెయ్యి ఆగుతుందో లేదో...