పిల్లల పడుగు

తిరువళ్ళూరు,
12-4-1981

అక్కకు నటరాజ్ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. తిరుత్తణిలో నువ్వూ వళ్ళీ క్షేమమని నీ జాబు చూసి మనసు కుదుటపడింది. వడియాలు అందాయి. వళ్ళికి పన్ను ఊడిందన్నావు, ఏ పన్నో రాయలేదు.

జూన్‌లో దాన్ని అక్కడి బడిలోనే చేర్చేదా అని అడిగావు. చెప్తాను.

నీ కూతురు రాజామణి మా బడివీధి మలుపులో లారీ తగిలి పోయిన తర్వాత, ఆ వీధి ప్లాను గీసే పని ఆఫీసులో నా బల్ల మీదికే వచ్చింది. ఇళ్ళ ముందరి తిన్నెలు కొట్టేసి వీధి వెడల్పు చేయాలన్నారు. నేను గీయనన్నాను. వెడల్పు చేస్తే లారీ ఇంకా వేగంగా వస్తుంది. పిల్లలు ఎక్కి నిలబడటానికి తిన్నె కూడా ఉండదు. దానికి బదులు మీ వీధి పద్ధతి రాసిచ్చాను. మగ్గాలవాళ్ళు వీధి పొడుగునా నూలు పడుగు సాచితే ఎద్దులబండి కూడా చుట్టు తిరిగి పోతుంది కదా. బడిగంట వేళ ఇక్కడా అట్లే తాడు కట్టి బండ్లు ఆపాలని.

సూపర్వైజర్ సుదర్శనం నవ్వాడు. "మీ ఊర్లో నూలు తెగుతాదని ఆపుతారు. ఈడ ఏం తెగుతాదయ్యా?" అన్నాడు. నేను ఆ కాగితం అడుగున ప్రమాదం జరిగిన తేదీ రాశాను. కాసేపటికి ఆయనే లేచి నా బల్ల దగ్గరికి వచ్చి, కాగితం మీద సంతకం చేసి పోయాడు.

దీపావళి నుంచి తాడు కడుతున్నాం. ఒక కొస తిన్నె స్తంభానికి, రెండో కొస నా చేతిలో. సాయంత్రం పర్మిషన్ అడిగి వస్తాను. మొదట్లో లారీలవాళ్ళు హారన్ కొట్టి తిట్టేవాళ్ళు. ఇప్పుడు వేలాయుధమని ఒక డ్రైవరు దూరంలోనే ఇంజను ఆపి, "పిల్లల పడుగు సాచినారా? కానీండి" అని బీడీ ముట్టించుకుంటాడు. పిల్లలు వీధి నిండా నడుస్తారు.

ఇదంతా ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. రాస్తే వళ్ళిని పంపేస్తావు. రాజామణి పోయాక నీకు మిగిలింది దాని బిడ్డ ఒక్కటే. అడగడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను అక్కా. పంపు. నువ్వూ వస్తే మరీ మేలు. మగ్గం వేసుకోవడానికి ముందుగది ఖాళీగానే ఉంది.

సాయంత్రం బడి వదలగానే పిల్లలంతా నన్ను దాటుకుని ఇళ్ళకు పోతారు. నా దగ్గర ఆగేవాళ్ళు లేరు.

ఇట్లు,
నీ తమ్ముడు, అల్లుడు
నటరాజ్