వంటగదికి తవ్విన గొయ్యి

గరివిడి, 12-3-2014

సాలూరులో ఉన్న చిన్నతల్లి అప్పకు తమ్ముడు గణపతి నమస్కారం. ఇక్కడ అందరమూ క్షేమమే. ఫోనులో నీవు మాట మారుస్తావని కార్డు వ్రాస్తున్నాను.

బావ పోయాక మా దగ్గరకు రమ్మంటే, వేరే పొయ్యి ఉంటేనే వస్తానన్నావు. అందుకని ఇంటిని ఆనుకుని నీకు గది, దాని పక్కన చిన్న వంటగది అనుకుని పునాదులు తవ్వించాను. నిన్న సిమెంటు, ఇసుక, కంకర కలిపి నీళ్లు పోసి మాలు సిద్ధం చేశాక, నీ మరదలు అనూరాధ ఆ వంటగది గోతిలోకి దిగి నిలబడింది.

"ఒదినకి ఏరే పొయ్యేటి? నా సేతి కూడు సేదా? పొయ్యండి మాలు, నా కాళ్ల మీదే పొయ్యండి!"

మేస్త్రీ గంగులు, "మాలు బిగిసిపోతాది, బేగి తేల్సండమ్మా!" అని మొత్తుకున్నాడు. కలిపిన కాంక్రీటు మన కోసం ఆగదు గనుక, అదంతా నీ గది పునాదిలోకే ఎత్తించాను. అది అనుకున్నదానికంటే మందంగా వచ్చింది. నీకిచ్చిన మాట మాత్రం తప్పాను, మన్నించు.

గది తలుపు ఏ దిక్కుకు పెట్టించాలో వెంటనే వ్రాయి. మంచం తేవద్దు, ఇక్కడ ఉంది. మోకాలి మందు మానవద్దు. నీ ఆవకాయ జాడీ తెమ్మని నీ మరదలు చెప్పమంది. వంటగది గొయ్యి ఇంకా అలాగే ఉంది. నీవు వచ్చి నీ చేత్తో మొదటి మన్ను వేసేదాకా దానిని పూడ్చనివ్వనంటోంది.

పిల్లలు నీ పాదాలకు దండం పెట్టారు.

నీ తమ్ముడు,
గణపతి