ఒకే డబ్బాలో పోసిన బిళ్ళలు

పెద్దాడి అమ్మకు, నేను క్షేమంగా చేరాను, దిగులు పడకు. ఈ కార్డు కోడలి చేత చదివించుకో, పోస్టాయన చేత వద్దు.

చక్కెర జబ్బు మీద, ఒళ్ళు లావు మీద మాట్లాడటానికి ఈ సభకు పెద్ద చదువులవాళ్ళు వందల మంది వచ్చారు. అందరూ టీలో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటున్నారు, నాకేమీ అర్థం కాలేదు. మన డాక్టరమ్మ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, నా చక్కెర గీత కిందికి దిగడం తెర మీద చూపించింది. "ఈ పెద్దాయనదే, ఒక్క బిళ్ళ మానలేదు" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను.

తరవాత చెప్పింది. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చుకోడానికి మనకిచ్చిన సీసాల్లో నాది అసలు మందట, నీది ఉత్త పిండి బిళ్ళలట. నీ గీత కూడా దిగిందట. పిండికి ఎలా దిగిందా అని అందరూ బుర్ర గోక్కుంటున్నారు.

రెండు సీసాలూ నువ్వు ఒకే డబ్బాలో పోశావు కదా? మరి నా మందు నువ్వెంత మింగావు, నీ పిండి నేనెంత మింగాను? ఎంత ఆలోచించినా తెగడం లేదు. రేపు ఆ గీతలు అచ్చుకిస్తారట.

ఏ నెల నుంచి కలిపావో గుర్తు చేసుకో. మిగిలిన బిళ్ళలు ముట్టుకోకు. నీ కాలి పుండు మానిందా? కుళాయి బాగుచేసే అతను వచ్చాడా?

పొద్దున్నే డాక్టరమ్మకు చెప్పేస్తాను. కోప్పడితే నన్నే కోప్పడనీ. సీసా మీద సన్న అక్షరాలు నాకు కనబడవనే కదా నువ్వు కలిపావు.

పిల్లలకు దీవెనలు. ఆ చప్పట్లలో సగం నీవి.