ఇద్దరి మధ్యనున్న గంట

నవంబరు 6, బుధవారం, ఉదయం

ఎన్నికల ఫలితం వచ్చేసింది. అమ్మ ఓటేసినవాళ్ళు గెలిచారు. లొరేన్ పెద్దమ్మ ఓటేసినవాళ్ళు ఓడారు. నాకింకా పదిహేడే, ఓటు లేదు.

అమ్మ కాఫీ పోసుకుని తాగడం మర్చిపోయింది. గెలిచాం గదే మారెన్, మరి సంతోషం రాదేం అని నన్నే అడిగింది.

సాయంత్రం

స్కూల్లో గొడవలవుతాయనుకున్నాను. ఏమీ లేదు. కారిడార్ నిండా పిల్లలు, చప్పుడు మాత్రం లేదు. చరిత్ర టీచర్ పాఠం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, ఏదో సినిమా వేసి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఇలా ఉండటానికి సరైన మాట కోసం బస్సులో దారంతా వెతికాను. విచారం కాదు. భయమూ కాదు. మొద్దుబారడం. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవిలాగా. ఉంది, కానీ నాది కాదు.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో అమ్మ డాబ్స్ గారి జుట్టుకి రంగు వేస్తోంది. అమ్మ పని అదే. ఆవిడా అమ్మ వేసినవాళ్ళకే వేశారు. పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ చేతులకి రంగు కదా, నన్ను స్పీకర్ నొక్కమంది. పెద్దమ్మ ఏడుస్తోంది. గదిలో ఇంకొకరున్నారని ఆమెకి తెలీదు. ఊరుకోవే అక్కా, మళ్ళీ ఎన్నికలకి నాలుగేళ్ళేగా, ఎవరో చచ్చినట్టు ఏంటా ఏడుపు అంది అమ్మ. డాబ్స్ గారు ఫక్కున నవ్వారు.

అవతల పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది.

నవంబరు 7, గురువారం

చర్చిలో చేతిగంటల ప్రాక్టీసు. మా బృందంలో ఒక్కొక్కరికి రెండు గంటలు, చేతికొకటి; మరకలంటకుండా తెల్ల గ్లవ్స్. ఒక్కో గంటది ఒక్కో స్వరం, ఎవరిది వాళ్ళే మోగించాలి. ఒకరు రాకపోతే పాటకి అక్కడక్కడా చిల్లులు పడతాయి.

అమ్మా పెద్దమ్మా పక్కపక్కనే నిలబడతారు. ఇద్దరి మధ్య బల్ల మీద ఇంకో గంట పడుకుని ఉంటుంది. అది ఇద్దరిదీ. ఆ క్షణానికి ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు అందుకోవాలి. నేను పుట్టకముందు నుంచీ వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే దాన్ని అందుకుంటున్నారు.

ఈ రోజు ఎవరూ అందుకోలేదు. ఆ స్వరం వచ్చిన ప్రతిచోటా పాట బోసిపోయింది. మమ్మల్ని నడిపించే క్లింగర్ గారు ఒకప్పుడు పోస్ట్‌మన్, ఊరందరి గడపలూ తెలుసు. ఏమ్మా అమ్మాయిలూ, ఆ గంటేమన్నా కరుస్తుందా అన్నారు.



నవంబరు 14

ప్రాక్టీసులో మళ్ళీ అంతే.

నవంబరు 17, ఆదివారం

పెద్దమ్మ ఇంటి ముందు 'అమ్మబడును' బోర్డు పెట్టారట! సైకిలు మీద దూసుకెళ్ళాను. గరాజ్‌లో అట్టపెట్టెలు మడత విప్పుతోంది. వెర్మాంట్ రాష్ట్రంలో స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోతుందట.

ఎందుకు పెద్దమ్మా అన్నాను. కిరాణా కొట్టు వరసలో నిలబడితే ముందున్న ప్రతి వీపునీ చూసి, నువ్వా, నువ్వేనా వేసింది అనుకుంటున్నా పిల్లా, అలా బతకడం నాకు చేతకాదు అంది. మరి అమ్మో అన్నాను. దాని వీపు చూసి అనుకునే పనేముంది, తెలుసుగా అంది. ఇంకో పెట్టె విప్పుతూ, ఓటు సంగతి వదిలెయ్, నేనేడుస్తుంటే ఎవర్నో పక్కన కూర్చోబెట్టుకుని నవ్వించింది అంది. క్రిస్మస్ కచేరీకి మాటిచ్చింది కాబట్టి అప్పటిదాకా ఉంటుందట.

అమ్మకి చెప్పాను. పోనీ, ఎవరు పట్టుకున్నారు అంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

నాకు కావలసింది ఒక్కటే. పెద్దమ్మ వెళ్ళకూడదు. వెళ్ళినా, ఇలా వెళ్ళకూడదు.

నవంబరు 28

థాంక్స్‌గివింగ్. ఏటా పెద్దమ్మతో కలిసి తినే పండగ, ఈసారి నేనూ అమ్మే. ఇద్దరికి అంత పెద్ద టర్కీ పక్షి ఎందుకు, కోడి చాలంది.

డిసెంబరు 5, గురువారం

క్లింగర్ గారు నా చిన్న గంటలు రెండూ పాస్టర్ గారి భార్యని కొత్తగా పిలిచి ఆమెకిచ్చి, నన్ను తీసుకెళ్ళి అమ్మకీ పెద్దమ్మకీ మధ్య నిలబెట్టారు. ఆ ఒక్క గంట నేనే మోగించాలి. సారీ తల్లీ, పాట ముఖ్యం అన్నారు నా చెవిలో.

పాట నిండుగా వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు ఎడమవైపు అమ్మ సబ్బు వాసన, కుడివైపు పెద్దమ్మ దగ్గుబిళ్ళ వాసన. ఇంటికెళ్ళి 'మధ్యవర్తి' అన్న మాట నిఘంటువులో చూశాను. అందులో నా పనేమీ లేదు. నేను వట్టి అడ్డుగోడని.

డిసెంబరు 11

ఇళ్ళ ముందు పాతిన ఎన్నికల బోర్డులు అందరూ పీకేశారు. పచ్చిక మీద రెండేసి బెజ్జాలు మిగిలాయి. ఏ బెజ్జం ఎవరి బోర్డుదో తెలీడం లేదు. రేడియోలో ఎవరో అరుస్తుంటే డాబ్స్ గారు కూడా అమ్మతో, ఆపెయ్ కార్లా, తలనొప్పి అన్నారట. పెద్దమ్మ ఇల్లు మాత్రం అమ్ముడైపోయింది.

డిసెంబరు 22, ఆదివారం

కచేరీ అయింది. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

చర్చి నిండిపోయింది. చివరి పాట, చివరి చరణం. నా గంట వంతు వచ్చింది. చెయ్యి లేవలేదు. కావాలనే ఆగానో, నిజంగానే మొద్దుబారిందో ఇప్పటికీ చెప్పలేను. ఒక అడుగు వెనక్కి మాత్రం వేశాను. అది నాకు తెలుసు.

రెండు వైపుల నుంచీ రెండు తెల్ల గ్లవ్స్ ఒకేసారి దాని మీద పడ్డాయి. రెండు చేతులు మీద పడితే గంట మోగదు. టక్ మంది, అంతే. మొదటి వరసలో ఒకాయన తలెత్తి చూశాడు. క్లింగర్ గారు చూడనట్టే చెయ్యి ఊపుతూ పోయారు.

తర్వాతిసారి పెద్దమ్మ అందుకుంది. ఆ తర్వాత అమ్మ. మళ్ళీ పెద్దమ్మ. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను వెనక ఖాళీ చేతులతో నిలబడ్డాను.

గ్లవ్స్ విప్పుతూ, నీ చెయ్యి ఇంకా మొద్దే కార్లా అంది పెద్దమ్మ. నీది ఇంకా తొందరే అంది అమ్మ. ఆరువారాల్లో ఇవే మొదటి మాటలు. ఇంకేదో అంటారని చూశాను. ఎవరి కోటు వాళ్ళు తొడుక్కున్నారు. ఎవరి కారు వాళ్ళు ఎక్కారు.

డిసెంబరు 29

పొద్దున్నే అమ్మ నాకు చెప్పకుండా పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ వంటగదిలో నేల మీద కూర్చుని పింగాణీ సామాను పాత పేపర్లలో చుడుతున్నారు. నవంబరు పేపర్లు. అమ్మ గెలిచినవాళ్ళ మొహాల్లో కప్పులు చుడుతోంది. పెద్దమ్మ ఓడినవాళ్ళ మొహాల్లో పళ్ళాలు. పేపర్లు అయిపోతుంటే ఎవరి మొహముందో చూడకుండా ఒకరి వైపుకి ఒకరు తోసుకున్నారు. దారి బాగోదు అక్కా, ఇంకో పొర వెయ్యి అంది అమ్మ.

పెద్దమ్మ వేసింది.